ఆఫీసులో మీ మాట వినపడాలంటే: ఇంగ్లీష్ కోచింగా, టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బా, కోచా, తోటి ఉద్యోగినులా?

"మీటింగ్‌లో మాట్లాడాలంటే టెన్షన్‌గా ఉంటోంది, ఏ కోర్సులో చేరమంటారు?" ఉద్యోగం చేసే ఆడవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఏదో ఒక కోర్సు పేరు చెప్పడం తేలికే. కానీ మాట ఎక్కడ ఆగిపోతోందో తెలుసుకోకుండా ఫీజు కడితే డబ్బూ పోతుంది, ఆర్నెల్లూ పోతాయి, పైగా "నాకిక రాదులే" అన్న దిగులు మిగులుతుంది. అందుకే పోలికలోకి వెళ్లేముందు ఒక పని చేయండి.

చెప్పాల్సింది ఉండి కూడా ఊరుకుండిపోయిన మీటింగ్ ఒకటి గుర్తు తెచ్చుకోండి. అప్పుడు ఏం జరిగింది? విషయం తెలుసు, ఇంగ్లీష్‌లో వాక్యం కుదరలేదా? వాక్యం కూడా సిద్ధంగా ఉంది, గుండె దడకు గొంతు పెగల్లేదా? మీరు చెప్పారు, ఎవరూ పట్టించుకోలేదు, కాసేపటికి అదే మాట ఇంకొకాయన అంటే "గుడ్ పాయింట్" అన్నారా? లేక చెప్పాల్సింది సూటిగా చెప్పినందుకు తర్వాత "ఆవిడకు నోరెక్కువ" అన్న మాట పడ్డారా?

మొదటిది భాషతో వచ్చిన ఇబ్బంది. రెండోది భయం. మూడూ నాలుగూ ఆఫీసు తీరుతో వచ్చినవి, వాటిని మీ లోపాలుగా లెక్కేసుకోకండి. బయట డబ్బు పెట్టి కొనుక్కునే శిక్షణలు దాదాపు అన్నీ మొదటి రెండింటి కోసమే. మూడో రకం, నాలుగో రకం ఇబ్బంది పడుతున్న మనిషి వాటిలో చేరితే తప్పంతా తనదేననుకుని ఇంకాస్త ముడుచుకుపోతుంది.

ఇంకో చిన్న పరీక్ష. మీటింగ్‌లో చెప్పలేకపోయిన ఆ విషయాన్నే క్యాంటీన్‌లో స్నేహితురాలికి తెలుగులో రెండు నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పగలరా? చెప్పగలిగితే మీకు విషయం మీద పట్టుంది, కావాల్సింది భాష లేదా ధైర్యం. తెలుగులోనూ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తిరుగుతున్నారంటే, ముందు విషయాన్ని వరుసలో పెట్టుకోవడం నేర్చుకోవాలి. దానికి ఇంగ్లీష్ కోచింగ్ పనికిరాదు.

స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్

మనవాళ్లు మొదట వెళ్లేది ఇక్కడికే. హైదరాబాద్‌లో అమీర్‌పేట, మైత్రీవనం, ఎస్సార్ నగర్ చుట్టూ బోర్డులే బోర్డులు. విజయవాడ, విశాఖ, వరంగల్, తిరుపతి ఎక్కడ చూసినా ఇంతే. తెలుగు మీడియంలో చదివి, డిగ్రీ అయ్యాక ఒక్కసారిగా ఇంగ్లీష్‌లో మెయిళ్లు, కాల్స్ ఉండే ఉద్యోగంలో పడ్డవాళ్లకు ఇది నిజంగా అవసరం కావచ్చు. బ్యాంకు కౌంటర్, హోటల్ రిసెప్షన్, కార్పొరేట్ ఆసుపత్రి, వేరే రాష్ట్రానికి బదిలీ అయిన ఉద్యోగం, ఇలాంటి చోట్ల భాష రాకపోతే రోజు గడవడమే కష్టం.

చేరేముందు చూడాల్సింది ఒక్కటే: గంట క్లాసులో ఒక్కొక్కరు నోరు తెరిచి మాట్లాడేది ఎన్ని నిమిషాలు? డెమో క్లాసులో కూర్చుని గమనించండి. నలభైమంది వింటుంటే సార్ ఒక్కరే టెన్సెస్ చెబుతున్నారంటే అది గ్రామర్ క్లాసు. మీరు స్కూల్లో ఒకసారి చదివేసిందే. పది పన్నెండు మందికి మించని బ్యాచ్, సగం సమయం విద్యార్థులే మాట్లాడే పద్ధతి ఉంటే ఫీజు కాస్త ఎక్కువైనా అదే నయం.

ఆఫీసుకు కావాల్సిన ఇంగ్లీష్ మనం భయపడేంత పెద్దది కాదని నా అభిప్రాయం. మీ పనికి సంబంధించి ఓ పాతిక ముప్ఫై వాక్యాలు తడుముకోకుండా వస్తే రోజులో ఎక్కువభాగం గడిచిపోతుంది. పని ఎంతవరకు వచ్చింది, ఎందుకు ఆలస్యమైంది, ఇంకో రెండు రోజులు కావాలి, ఇందులో నాకు అర్థంకానిది ఇది, నేను ఒప్పుకోను ఎందుకంటే. "ఐ నీడ్ టూ మోర్ డేస్, బికాజ్ ద టెస్ట్ డేటా కేమ్ లేట్." ఇంత చిన్న వాక్యం చాలు. మీ పనికి కావాల్సిన వాక్యాలు మీరే రాసుకుని, రోజూ బయటికి వినపడేలా చదివితే మూడు నెలల కోర్సులో రానిది కూడా రావచ్చు. అమెరికాలో ఉండి, మధ్యలో ఆగిన ఉద్యోగంలోకి మళ్లీ వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో మంచి దారి ఉంది. అక్కడ చాలా ఊళ్లలో పబ్లిక్ లైబ్రరీలు ఉచితంగా ఇంగ్లీష్ సంభాషణ బృందాలు నడుపుతాయి. ఫీజు కట్టేముందు ఒకసారి మీ లైబ్రరీలో కనుక్కోండి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంగ్లీష్ ఇప్పటికే బాగా వచ్చి, కాలేజీలో పాఠాలు కూడా చెప్పిన ఆడవాళ్లు మీటింగ్‌లో మౌనంగా ఉండటం చూస్తూనే ఉంటాం. వాళ్లు మళ్లీ ఇంగ్లీష్ కోర్సులో చేరితే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

టోస్ట్‌మాస్టర్స్ క్లబ్

భయమే అసలు అడ్డంకి అయితే నేను మొదట చెప్పే పేరు ఇదే. ఇది నలుగురిలో మాట్లాడటం సాధన చేయించే, అమెరికాలో పుట్టిన సంస్థ. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన మొదలుపెట్టారు. చాలాకాలం మగవాళ్లకే పరిమితం, ఆడవాళ్లకు అధికారికంగా తలుపులు తెరిచింది 1973లో. ఇప్పుడు హైదరాబాద్‌లో, మరికొన్ని నగరాల్లో చాలా క్లబ్బులున్నాయి. పెద్ద కంపెనీల లోపల సొంత క్లబ్బులు కూడా ఉంటాయి, మీ హెచ్‌ఆర్‌ను ఒకసారి అడిగి చూడండి.

ఇక్కడ పాఠం చెప్పే టీచర్ ఉండరు. సభ్యులే మాట్లాడతారు, సభ్యులే తీర్పు చెబుతారు. మొదటి ప్రసంగం మీ పరిచయం, 4 నుంచి 6 నిమిషాలు. తర్వాతవి చాలావరకు 5 నుంచి 7 నిమిషాలు. ఒకరు టైమ్ చూస్తూ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు చూపిస్తారు. ఇంకొకరు మీరు ఎన్నిసార్లు "ఆ...", "యూ నో", "బేసికల్లీ" అన్నారో లెక్కపెడతారు. ప్రసంగం అయ్యాక మరొకరు లేచి రెండు మూడు నిమిషాల్లో ఏది బాగుంది, ఏది మార్చుకోవాలో విడమరిచి చెబుతారు. ఆఫీసులో ఏడాదికోసారి అప్రైజల్‌లో కూడా దొరకనంత స్పష్టమైన అభిప్రాయం ఇది.

కానీ ఆఫీసు కోసం వెళ్లేవాళ్లకు ఇందులో అన్నిటికంటే విలువైన భాగం టేబుల్ టాపిక్స్. అప్పటికప్పుడు ఒక ప్రశ్న ఇస్తారు, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. "ఈ నెల ఆలస్యానికి కారణమేంటి?" అని మేనేజర్ హఠాత్తుగా అడిగినప్పుడు కావాల్సింది సరిగ్గా ఈ అలవాటే. ప్రసంగానికి పేరు ఇవ్వడానికి ఇంకా ధైర్యం చాలనివాళ్లు కూడా ప్రతి వారం దీనికి లేచి నిలబడొచ్చు.

ఖర్చు విషయానికొస్తే, అంతర్జాతీయ సంస్థకు ఆరు నెలలకు 60 డాలర్లు, కొత్తగా చేరినవాళ్లు అదనంగా ఒకసారి 20 డాలర్లు. కొన్ని క్లబ్బులు హాలు అద్దెకు, మిగతా ఖర్చులకు పైన కొంత తీసుకుంటాయి. మన లెక్కలో చిన్న మొత్తమేమీ కాదు. అతిథిగా వెళ్లి చూడనిస్తారు కాబట్టి చేరేముందు రెండు మూడు క్లబ్బులు చూడండి. క్లబ్బుకూ క్లబ్బుకూ చాలా తేడా ఉంటుంది. కొత్తగా వచ్చిన ఆడవాళ్లకు వేదిక మీద పాత్రలు ఇస్తున్నారా, లేక మీటింగ్ నోట్స్, టీ ఏర్పాట్లు అప్పగిస్తున్నారా? అభిప్రాయం చెప్పేవాళ్లు మాట గురించి చెబుతున్నారా, చీర గురించా? ఇవి చూస్తే క్లబ్ సంగతి తెలిసిపోతుంది.

దీని పరిమితులు కూడా తెలుసుకోవాలి. క్లబ్‌లో మీ ఏడు నిమిషాలు మీవి, మధ్యలో ఎవరూ అడ్డు రారు, చివర్లో అందరూ చప్పట్లు కొడతారు. ఆఫీసు అలా ఉండదు. రెండో వాక్యానికే ఎవరో అందుకుంటారు. కాబట్టి క్లబ్ మీ గుండె దడ తగ్గిస్తుంది, కానీ మాటకు అడ్డొచ్చేవాళ్లను ఆపడం నేర్పదు. ఇంకోటి, చాలా క్లబ్బులు సాయంత్రాలు గానీ సెలవు రోజుల్లో గానీ కలుస్తాయి. చంటిపిల్ల ఉన్న తల్లికి ఆ సమయం దొరకడమే పెద్ద గగనం. ఆన్‌లైన్‌లో కలిసే క్లబ్బులున్నాయి, అలాంటివాళ్లకు అవే నయం. ఇంట్లోవాళ్లు ఆ రెండు గంటలు పిల్లను చూసుకోవడం కూడా ఈ శిక్షణలో భాగమేనని ముందే మాట్లాడుకోండి.

ఆన్‌లైన్ కోర్సులు, వీడియోలు

వీటి గురించి క్లుప్తంగానే చెబుతాను. ఎన్‌పీటెల్, స్వయం వేదికల మీద ఐఐటీ అధ్యాపకులు చెప్పే సాఫ్ట్ స్కిల్స్ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష రాయాలి, దానికి మాత్రం ఫీజు. మెయిల్ ఎలా రాయాలి, ప్రెజెంటేషన్‌ను ఎలా పేర్చుకోవాలి లాంటివి నేర్చుకోవడానికి బాగుంటాయి. భయం మాత్రం వీడియో చూస్తే పోదు, మనుషుల ముందు మాట్లాడితేనే పోతుంది.

ధైర్యం కోసం మీటింగ్‌కు ముందు రెండు నిమిషాలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడమని చెప్పే వీడియోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ సలహాకు మూలం 2010లో వచ్చిన ఒక పరిశోధన. అలా నిలబడితే హార్మోన్లు మారతాయన్న ఫలితం తర్వాత చేసిన పెద్ద ప్రయోగంలో నిలవలేదు. ఆ పరిశోధన చేసిన ముగ్గురిలో ఒకరైన డానా కార్నీ తనకిక దాని మీద నమ్మకం లేదని 2016లో బహిరంగంగా రాశారు. నిలబడితే నష్టమేమీ లేదు. ఆ రెండు నిమిషాలూ మీరు చెప్పబోయే మొదటి వాక్యాన్ని గట్టిగా అనుకుంటే ఎక్కువ ఉపయోగం.

కోచ్, మెంటర్, స్పాన్సర్

ఈ మూడూ ఒకటే అనుకుంటారు గానీ పనులు వేరు. కోచ్ డబ్బు తీసుకుని మీతో విడిగా కూర్చుంటారు. మెంటర్ మీ రంగంలో ముందు నడిచినవాళ్లు, దారి చెబుతారు. స్పాన్సర్ మీరు లేని గదిలో మీ పేరు ఎత్తుతారు.

కోచ్ దగ్గరికి వెళ్లేముందు జాగ్రత్త. మన దేశంలో ఎవరైనా కోచ్ అని బోర్డు పెట్టుకోవచ్చు, లైసెన్స్ అక్కర్లేదు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే గుర్తింపుల్లో ఏసీసీకి కనీసం 100 గంటలు, పీసీసీకి 500 గంటలు కోచింగ్ చేసిన అనుభవం ఉండాలి. ఆ గుర్తింపు ఉందా అని అడగడంలో మొహమాటం వద్దు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు కోచ్ అవసరం లేదనే అంటాను. మేనేజర్ అయ్యాక, పదిమందిని నడపాల్సి వచ్చినప్పుడు, ఎవరితోనూ చెప్పుకోలేని ఇబ్బందులు వచ్చినప్పుడు కోచ్ విలువ తెలుస్తుంది. ఆ ఖర్చు కూడా కంపెనీనే పెట్టుకోమని అడగండి.

కంపెనీలు నడిపే మహిళా నాయకత్వ కార్యక్రమాల్లో ఎక్కువభాగం మెంటర్‌ను కేటాయించి ఊరుకుంటాయి. నాయకత్వం మీద పరిశోధన చేసే హెర్మీనియా ఇబారా, ఆమె సహ రచయితలు 2010లో చెప్పింది ఇదే: ఆడవాళ్లకు సలహాలు ఇచ్చేవాళ్లు దండిగా ఉంటారు, ప్రమోషన్ కోసం పట్టుబట్టేవాళ్లు తక్కువ. అలాంటి కార్యక్రమంలో చోటు దొరికితే వదలకండి, కానీ అక్కడ కలిసే పెద్దవాళ్లను సలహా అడిగి ఆగిపోవద్దు. "మేడమ్, వచ్చే నెల క్లయింట్ రివ్యూలో ఈ భాగం నేను ప్రెజెంట్ చేసేలా చూస్తారా?" అని పని అడగండి. కాదన్నా మీ పేరు గుర్తుంటుంది.

మేనేజర్ "కాన్ఫిడెన్స్ పెంచుకోవాలి" అని అప్రైజల్‌లో రాసి వదిలేస్తే అక్కడితో ఒప్పుకోవద్దు. ఏ మీటింగ్‌లో, ఏ సందర్భంలో, నేనేం చేసి ఉంటే బాగుండేది అని అడగండి. జవాబు చెప్పగలిగితే మీకు సరైన దారి దొరికినట్టే, ఏ కోర్సు కావాలో కూడా అందులోనే తెలుస్తుంది. చెప్పలేకపోతే ఆ వ్యాఖ్యకు ఆధారం లేదని తేలిపోతుంది.

సొంత వ్యాపారం పెట్టుకున్న ఆడవాళ్ల అవసరాలు వేరు. వాళ్లు తెలంగాణ ప్రభుత్వం 2018లో హైదరాబాద్‌లో మహిళా వ్యాపారుల కోసం మొదలుపెట్టిన వీ హబ్ లాంటి చోట అడగడం మంచిది.

తోటి ఉద్యోగినులు

చివర్లో చెబుతున్నా, నా మనసుకు దగ్గరైన దారి ఇదే. పైసా ఖర్చు లేదు, మూడో రకం ఇబ్బందికి పనిచేసేది కూడా ఇదే.

ఒబామా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు వైట్‌హౌస్‌లో పనిచేసిన ఆడవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మీటింగ్‌లో ఒకామె ముఖ్యమైన మాట చెబితే, మిగతా ఆడవాళ్లు ఆ మాటను మళ్లీ ఎత్తి, అది ఎవరు చెప్పారో పేరుతో సహా చెప్పేవారు. దాంతో ఆ మాటను ఇంకొకరు తమదిగా చెప్పుకునే వీలుండేది కాదు. అంత పెద్ద చోట, అంత చదువుకున్న ఆడవాళ్లకే ఇది అవసరమైంది. అమెరికా సుప్రీంకోర్టులో వాదనల మీద 2017లో వచ్చిన పరిశోధన ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. మహిళా న్యాయమూర్తుల మాటకు మగ న్యాయమూర్తులు, చివరికి లాయర్లు కూడా ఎక్కువగా అడ్డొస్తున్నారని అందులో తేలింది. కాలం గడిచేకొద్దీ ఆ న్యాయమూర్తులు "నేనొకటి అడగవచ్చా", "క్షమించండి" లాంటి ముందుమాటలు తగ్గించి నేరుగా ప్రశ్నలోకి వెళ్లడం అలవాటు చేసుకున్నారు. మనం "ఒక చిన్న డౌటండీ", "తప్పుగా అనుకోవద్దు గానీ" అంటూ మొదలుపెట్టే లోపే ఇంకొకరు అందుకోవడం రోజూ జరిగేదే కదా.

ఇది మనకు కొత్తగా బయటినుంచి నేర్చుకోవాల్సిన విద్య కూడా కాదు. మన ఊళ్లలో డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు దీన్ని ఎప్పటినుంచో చేస్తున్నారు. సంఘాలు పాటించే పంచసూత్రాల్లో మొదటిది పొదుపు కాదు, క్రమం తప్పని సమావేశం. పది పదిహేనుమంది గుండ్రంగా కూర్చుంటారు. అప్పు ఎందుకు కావాలో, ఎప్పటికి తీరుస్తుందో ఎవరికి వాళ్లే చెప్పుకోవాలి, తీర్మానం పుస్తకంలో రాయాలి. గుమ్మం దాటి మాట్లాడని కోడళ్లు ఇలా మాట్లాడి మాట్లాడి బ్యాంకు మేనేజర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చునేదాకా వచ్చారు. అంతకుముందు, 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు పాఠం చదివి, తమ ఇళ్లలోని సారా గోస గురించి కలిసి మాట్లాడుకున్నారు, కలిసి కదిలారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వాళ్లలో ఎవరూ వ్యక్తిత్వ వికాసం క్లాసుకు వెళ్లలేదు. ఒకరి గొంతుకు ఇంకొకరి గొంతు తోడైంది.

ఆఫీసులో ఇది ఇద్దరితోనైనా మొదలుపెట్టొచ్చు. మీటింగ్‌కు ముందు ఎవరు ఏం చెప్పబోతున్నారో మాట్లాడుకోండి. మాటకు ఎవరైనా అడ్డొస్తే, రెండో మనిషి "ఒక్క నిమిషం సార్, లక్ష్మి గారు చెబుతున్నది పూర్తి కానివ్వండి" అనాలి. తన మాటను తానే కాపాడుకునే ఆడదాన్ని గయ్యాళి అంటారు, పక్కామె మాటను కాపాడితే అంత తేలిగ్గా అనలేరు. మనసున్న మగ సహోద్యోగులను కూడా కలుపుకోండి, వాళ్ల మాట బరువు ఇక్కడ పనికొస్తుంది.

ఇక నాలుగో రకం, "నోరెక్కువ" అనిపించుకోవడం. జీతం పెంచమని అడిగిన ఆడవాళ్లతో పనిచేయడానికి జనం ఎక్కువ వెనకాడతారని హన్నా బౌల్స్, లిండా బాబ్‌కాక్, లే లాయ్ 2007లో ప్రయోగాలతో చూపించారు. అడగకపోతే చొరవ లేదంటారు, అడిగితే ఇలా. అందుకని అడగడం మానొద్దు. అడిగేదాన్ని టీమ్ అవసరంతో కలిపి చెప్పడం కొంత పనిచేస్తుంది: "ఈ ఏడాది ఇద్దరు కొత్తవాళ్లకు పని నేర్పాను, వచ్చే ఏడాది ఇంకో ముగ్గురిని చూసుకుంటాను, నా హోదా దానికి తగ్గట్టు ఉండాలి." ఇలా చుట్టు తిరిగి అడగాల్సి రావడం న్యాయం కాదు. అది నాకు నచ్చదు కూడా. కానీ ఈ నెల అప్రైజల్ ఉన్న మనిషికి ఈ నెలే పనికొచ్చే సలహా ఇవ్వాలి కదా.

ఇవేవీ సరిపోని చోటు

అసభ్యమైన మాటలు, తాకడాలు, రాత్రి మెసేజీలు, ఒప్పుకోకపోతే పనిలో వేధించడం, వీటిని "నాకు ధైర్యం చాలక" అనే ఖాతాలో వేసుకోవద్దు. పనిచోట లైంగిక వేధింపులను అడ్డుకోవడానికి మన దేశంలో వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి సీనియర్ మహిళే అధ్యక్షత వహించాలి. ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఆ గడువును ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. అంతకంటే చిన్న దుకాణం, ఆఫీసు, లేదా ఇంటిపని అయితే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు.

మరి ఏది ఎంచుకోవాలి?

తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి ఉద్యోగంలో ఉన్న అమ్మాయికి: చిన్న బ్యాచ్ ఇంగ్లీష్ క్లాసు మూడు నెలలు, పక్కనే మీ పని వాక్యాల నోటుబుక్కు. తర్వాత క్లబ్.

ఇంగ్లీష్ వచ్చి, నలుగురిలో గొంతు వణికేవాళ్లకు: నేరుగా క్లబ్. ప్రతి వారం టేబుల్ టాపిక్స్. ఇంకే కోర్సూ వద్దు.

ఐదారేళ్ల అనుభవం ఉండి, పని బాగా చేస్తూ ప్రమోషన్ దగ్గర ఆగిపోయినవాళ్లకు: క్లబ్బుల మీద సమయం పెట్టకండి. తోటివాళ్లతో జట్టు కట్టండి, మీ పేరు ఎత్తే పెద్దమనిషిని వెతకండి, ప్రతి నెలా మీ పనిని నాలుగు వాక్యాల్లో మేనేజర్‌కు మెయిల్ చేయండి.

స్టాఫ్ నర్సులు, టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలకు: మీరు రోజంతా రోగులతో, పిల్లలతో, తల్లులతో మాట్లాడేవాళ్లే. ఆగేది పైఅధికారి ముందు. అక్కడ చెప్పాల్సింది ముందురోజే కాగితం మీద మూడు వరుసల్లో రాసుకుని, సహోద్యోగి ముందు ఒకసారి చెప్పి చూసుకుని వెళ్లండి. ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఇంకా మంచిది.

ఏది ఎంచుకున్నా మూడు నెలలు గడువు పెట్టుకోండి. మొదటి వారంలో మీటింగ్‌లో ఎన్నిసార్లు మాట్లాడారో, మొదటి పది నిమిషాల్లో నోరు విప్పారో లేదో రాసిపెట్టుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ రాసి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా లేకపోతే రెండో విడత ఫీజు కట్టకుండా, మొదట్లో వేసుకున్న నాలుగు ప్రశ్నలు మళ్లీ వేసుకోండి.